చెరువుకు దాత ఎవరు?

దానం మంచిదా, కాదా అనేది మన సాహిత్యంలో ఏనాడూ ప్రశ్నగా నిలవలేదు. మంచిదేనని ముందుగానే తీర్పు చెప్పి, ఆ తరువాత దాతను పొగడటం మన కావ్యావతారికల ఆచారం. ఆ అవతారికలు పాఠం చెప్పి జీతం తీసుకునేవాణ్ణి నేను. కాని నిరుడు మా ఊరి చెరువు బాగుచేయటానికి చందాల పుస్తకం పట్టుకుని తిరగవలసి వచ్చినప్పుడు, ఈ తీర్పు అంత సులభంగా చెప్పరాదని అర్థమైంది. చెరువు ఊరందరిదీ. అందరిదీ అయినదానికి ఒకరు దానం చేయటమంటే ఏమిటి? ఇచ్చేవాడు తన సొత్తు ఇస్తున్నాడా, లేక ఊరికి పడివున్న బాకీ తీరుస్తున్నాడా? ఈ తేడా వట్టి మాటల తేడా అని మొదట నేనూ అనుకున్నాను. తరువాత చూస్తే దానిమీద కొందరి కూలి, ఒక రైతు పంట ఆధారపడి ఉన్నాయి. జరిగినదేమిటో, దాన్నిబట్టి నేను ఆలోచించినదేమిటో పాఠకుల ముందు పెడుతున్నాను.

మా పల్లె బయ్యారానికి దగ్గర. బయ్యారం పెద్ద చెరువును ఎరగనివారు మా ప్రాంతంలో లేరు. కొండల మీద కురిసిన వానను కట్టవేసి ఆపిన ఆ చెరువు పదమూడవ శతాబ్దం నాటిది. కాకతి గణపతిదేవుని చెల్లెలు మైలమ దాన్ని తవ్వించింది. ఆమె వేయించిన శాసనం కాకతీయుల వంశచరిత్రకు ముఖ్యమైన ఆధారాల్లో ఒకటి కావటంవల్ల, చెరువును చూడని చరిత్ర విద్యార్థులకు కూడా బయ్యారం పేరు తెలుసు. ఆ చెరువుకు మైలమ పెట్టిన పేరు ధర్మకీర్తి సముద్రం.

ఈ పేరును గురించి ఆగి ఆలోచించాలి. ధర్మమూ కీర్తీ రెండూ అందులో ఉన్నాయి. చెరువు తవ్వించటం సప్తసంతానాల్లో ఒకటి అన్నారు పూర్వులు. కొడుకు, నిధి, గుడి, తోట, అగ్రహారం, కావ్యం, చెరువు: మనిషి పోయిన తరువాత పేరు నిలిపేవి ఈ ఏడు. అంటే చెరువు తవ్వించినవారికి కీర్తి మీద కోరిక లేదని ఎవరూ బొంకలేదు. కొడుకుతో సమానంగా చెరువును లెక్కపెట్టిన సమాజం కీర్తికాంక్షను రైతుకు ఉపయోగపడే దారిలోకి మళ్ళించింది. అది చిన్న తెలివి కాదు. ఎనిమిది వందల ఏళ్ళ తరువాత కూడా ఆ నీళ్ళతో పొలాలు పండుతున్నాయంటే, ఆ కీర్తికాంక్షను వెక్కిరించే అధికారం మనకు లేదు.

అయితే ఇక్కడే రెండవ ప్రశ్న కూడా అడగాలి. మైలమ ఖర్చు చేసిన ధనం ఎవరిది? రాజకుటుంబపు బొక్కసంలోకి ధనం ఆకాశం నుంచి రాలిపడదు. రైతు కళ్లంలో కొలిచిన పంటలో భాగంగా వస్తుంది. ఆ పంటలో కొంత చెరువై తిరిగి రైతు దగ్గరికే వచ్చింది. తిరిగి వచ్చినదానికి దానమని పేరు పడింది. ఇక తవ్వినవారి సంగతి. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు తవ్వించిన చెరువు అది. చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలనూ, ఉండరాని ఆరు దోషాలనూ వివరంగా చెప్పిన శాసనమది. రోజూ వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలటానికి నూరు బండ్లు, రెండేళ్ళ పని అని కూడా చెబుతుంది. ఆ మాత్రమైనా చెప్పినందుకు మెచ్చుకోవాలి. కాని ఆ వెయ్యిమందికి అంకె మిగిలింది గాని పేరు మిగలలేదు. సంతానం తవ్వించినవారికే గాని తవ్వినవారికి కలగలేదు.

ఇంత చదువుకున్నవాణ్ణి, మా ఊరి చెరువు దగ్గరికి వచ్చేసరికి ఇదంతా మరచిపోయాను.

మా చెరువు పెద్దదేమీ కాదు. గుట్టల అంచున కట్ట, రెండు తూములు, ఒక మత్తడి. కింద నూట ఇరవై ఎకరాల ఆయకట్టు. గుట్టల నీరు వచ్చే కాలువ పూడిపోయింది. శిఖంలో లొట్టపీసు, సర్కారు తుమ్మ పెరిగాయి. శిఖంలో ఒక మూల ఎవరో కడీలు పాతి తీగ చుట్టారు. చివరి మడులకు నీరు చేరి ఏళ్ళు గడిచాయి. ఊళ్ళో అయిదుగురం కలిసి సంఘంగా ఏర్పడి, పన్నెండు లక్షలు కావాలని అంచనా వేశాం. విరాళాల కోసం విజ్ఞప్తి రాసే పని నాది. పట్నంలో ఉన్నవారికీ, పరదేశాల్లో ఉన్నవారికీ పంపటానికి కన్నతల్లి వంటి చెరువనీ, మాతృఋణమనీ నేను చేతనైనంత ఉద్వేగంగా రాశాను. డబ్బున్నవారు డబ్బు, లేనివారు శ్రమ దానం చేయాలని చివరి వాక్యం. రాసినప్పుడు ఆ వాక్యం నాకు చాలా సమంజసంగా కనిపించింది.

రెండు నెలలు గడిచాక హైదరాబాదులో గుత్తేదారుగా స్థిరపడిన మా ఊరి మనిషి ఒకరు కబురు పంపారు. ఒక్కడే పది లక్షలు ఇస్తానన్నాడు. రెండు కోరికలు కోరాడు. కట్టమీద తన తండ్రి పేరుతో కమాను కట్టాలి. చెరువు హద్దులు కొలిపించమని మేము పెట్టుకోదలచిన దరఖాస్తు మానుకోవాలి. కడీలు పాతినవారు ఆయన దగ్గరి చుట్టాలు.

మొదటి కోరికకు సంఘంలో ఎవరికీ అభ్యంతరం లేదు. రెండవదాని మీద మూడు రాత్రులు తగవు పడ్డాం. “చుట్టూ అంత చెరువుండగా మూల నున్న ఎకరంన్నర కోసం పది లక్షలు వదులుకుంటామా?” అన్నవారు మూర్ఖులు కారు, స్వార్థపరులు కారు. వారి లెక్క సూటిగా ఉంది. ఎకరంన్నర పోతే నూట ఇరవై ఎకరాలు పండుతాయి. నేను ఆ లెక్కకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆలోచించిన కొద్దీ నాకు తోచినది ఇది. అతడు పది లక్షలు ఇచ్చి చెరువులో కొంత కొంటున్నాడు. అమ్మే అధికారం మా అయిదుగురికి ఎవరిచ్చారు? ఊరిదైనదాన్ని బాగుచేయటానికి ఊరిదైనదాన్నే అమ్మితే దాన్ని విరాళం అనటం కంటె క్రయం అనటం నిజాయితీ.

2001లో హించ్‌లాల్ తివారీ కేసులో సుప్రీంకోర్టు చెరువులూ కుంటలూ సమాజానికి చెందిన వనరులని, వాటిని ఇతరులకు కట్టబెట్టరాదని తీర్పు చెప్పింది. అంతకు పూర్వం 1976లోనే అడవులనూ సరస్సులనూ నదులనూ కాపాడటం పౌరుల విధిగా రాజ్యాంగంలో చేరింది. విధి అన్న మాటను గమనించాలి. విధిని నెరవేర్చినవానికి కమాను కట్టరు. పన్ను కట్టినవానికి ఊరేగింపు ఎవరూ చేయరు గదా.

దానంలో ఉన్న ఈ చిక్కును పూర్వపు తాత్వికులు గుర్తించకపోలేదు. జర్మన్ తత్వవేత్త కాంటు 1797 నాటి తన నీతిశాస్త్ర గ్రంథంలో ఒక గట్టి అనుమానం వెలిబుచ్చాడు. కొందరి దగ్గర దానం చేయగలిగినంత ధనం పోగుపడటం చాలావరకు పాలనలోని అన్యాయం వారికి అనుకూలించినందువల్లనే గదా, అటువంటప్పుడు వారిచ్చేదాన్ని దాతృత్వమనవచ్చునా అని ఆయన శంక. ఫ్రెంచి పండితుడు మార్సెల్ మోస్ 1925లో దానాన్ని గురించి రాస్తూ, ఊరికే ఇచ్చే దానం లోకంలో అరుదనీ, ప్రతి ఈవీ పుచ్చుకున్నవాని మీద ఏదో ఒక బంధం వేస్తుందనీ చూపాడు. మా గుత్తేదారు వీరి గ్రంథాలు చదవకపోయినా మోస్ చెప్పినదాన్ని ఆచరణలో పెట్టాడు. ఒక మేలు చేశాడు. బంధమేమిటో దాచకుండా ముందే చెప్పాడు.

తెలంగాణ వారికి ఈ ప్రశ్న కొత్తది కారాదు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే ముందు దళితులు ఎనభై ఎకరాలు అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి నూరు ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డాడు. భూదానోద్యమం అక్కడ పుట్టింది. ఆ దాత మంచితనాన్ని శంకించనక్కరలేదు. కాని అది ఏ నేలమీద, ఏ రోజుల్లో జరిగింది? అదే జిల్లాలో 1946 నుంచీ రైతులు భూమిని హక్కుగా అడుగుతూ ప్రాణాలిస్తున్న రోజుల్లో జరిగింది. హక్కుగా అడిగినప్పుడు తుపాకులు జవాబు చెప్పాయి. దానంగా అడిగినప్పుడు దండలు పడ్డాయి. అలా దేశమంతటా వచ్చిన భూమిలో కొంత సాగుకు పనికిరానిదైంది, కొంత తగాదాల్లో చిక్కుకున్నది. హక్కులో అడిగేవాడు ఇది నాదంటాడు. దానంలో ఇచ్చేవాడే ఏది ఇవ్వాలో నిర్ణయిస్తాడు. భూదానం నేర్పిన పాఠం ఇదేనని నా నమ్మకం.

దీనికి ఎదురు వాదన ఒకటి ఉంది. అది బలమైనది. ప్రభుత్వం చేయవలసింది ప్రభుత్వమే చేయాలని చెబుతూ కూర్చుంటే చెరువు ఎండిపోతుంది, సూత్రం మిగులుతుంది. నిజమే. ప్రభుత్వం ఏమీ చేయలేదనటం కూడా న్యాయం కాదు. 2015 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం మిషన్ కాకతీయ పేరుతో దాదాపు నలభై ఆరు వేల చెరువుల్ని బాగుచేసే పని తలపెట్టింది. పూడిక తీసే ఖర్చు ప్రభుత్వానిది, ఆ ఒండ్రును పొలానికి తోలుకునే ఖర్చు రైతుది. ఇందులో ఎవరూ ఎవరికీ దానం చేయలేదు. ఒండ్రు పొలానికి బలం గనుక రైతు తన లాభానికి తాను ఖర్చుపెట్టుకున్నాడు. పని పంచుకోవటానికి ఇది మంచి నమూనా. కాని పూడిక ఒకసారి తీస్తే తీరేది కాదు. ప్రతి వానతో గుట్టమీది మట్టి చెరువులోకి దిగుతుంది. తూము తలుపు ఏటేటా చూడాలి, కట్టమీది తుమ్మ మొక్క వేరు పారకముందే పీకాలి, మత్తడి రాయి కదిలితే మరుసటి వానకు ముందే కూర్చాలి.

ఇందుకు పూర్వులు దానం మీద ఆధారపడలేదన్నది గమనించదగినది. చెరువు తవ్వించినవారికి, దాని మరమ్మతు చూసేవారికి దశబంధ మాన్యం ఉండేది. ఆ చెరువు కింది రాబడిలో పదోవంతు వారికి చేరేది. మడిమడికీ నీరు వదిలే నీరటికి ఊరు పంటలో వంతు కొలిచేది. తవ్వటానికి ఒక మైలమ చాలింది. నిలబెట్టటానికి ఒక ఏర్పాటు కావలసివచ్చింది. ఆ ఏర్పాట్లు చెదిరిపోయిన చోట ఎంత గొప్ప దాత తవ్వించిన చెరువైనా కంపతో నిండిపోయింది. దాత చెరువుకు ఒక్కరోజు చుట్టం, నీరటి దానికి నిత్యం కాపు.

పెద్ద దేశాల అనుభవం కూడా దీనికి విరుద్ధంగా లేదు. అమెరికాలో కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రాల సరిహద్దు కొండల్లో టాహో అనే లోతైన సరస్సు ఉంది. దాని తేటనీరు మసకబారుతున్నదని గుర్తించాక అక్కడ సంపన్నుల నుంచి విరాళాలు పోగుచేసే సంస్థలు బయలుదేరాయి. కాని 1969లోనే రెండు రాష్ట్రాలు ఒడంబడిక చేసుకుని, ఒడ్డున ఏది కట్టవచ్చో ఏది కట్టరాదో నిర్ణయించే అధికార సంస్థను నిలిపాయి. 2000లో ఆ సరస్సు పునరుద్ధరణకే ప్రత్యేకంగా చట్టం చేసి ప్రజాధనం కేటాయించారు. ముందు హద్దు, తరువాత ప్రజాధనం, ఆ రెంటికీ తోడుగా విరాళం. మా గుత్తేదారు ఈ వరుసను తలకిందులు చేయమన్నాడు. హద్దు సంగతి ఎత్తకపోతేనే విరాళమన్నాడు.

మన దేశంలో 2013 కంపెనీల చట్టం ఒక స్థాయి దాటిన కంపెనీలు సగటు లాభంలో రెండు శాతం సామాజిక పనులకు ఖర్చుచేయాలన్నది. అది చట్టం విధించిన బాధ్యత. అయినా దానితో కట్టిన ప్రతి బల్ల మీద, ప్రతి నీళ్ళ తొట్టి మీద దాత పేరే కనిపిస్తుంది. మా బయ్యారం గుట్టల్లో ఇనుప ఖనిజం ఉంది. ఉమ్మడి ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం పెట్టే అవకాశాన్ని పరిశీలించాలని 2014 రాష్ట్ర విభజన చట్టంలో రాశారు. అది వస్తే మా పిల్లలకు పనులు దొరుకుతాయని కోరుకునేవారిలో నేనూ ఉన్నాను. రేపు ఎవరైనా ఆ గుట్టను తవ్వి, దాని నీరు తాగే చెరువుకు రెండు శాతం దానం చేస్తే ఏమని పిలవాలి? గుట్టమీద పడిన వాన ఎటు పోతుందన్న ప్రశ్న ముందు అడగాలి. రెండు శాతం సంగతి ఆ తరువాత.

ఇంతవరకు తర్కమంతా నాకు అనుకూలంగానే నడిచింది. కాని నా విజ్ఞప్తి చివరి వాక్యానికి జవాబు పుస్తకాల నుంచి రాలేదు. మా ఊరి కూలి మనిషి, అరవై దాటిన ఆడమనిషి ఇచ్చింది. శ్రమదానానికి ఇంటికొకరు రావాలని చెప్పటానికి నేను వాళ్ళ వాడకు పోయినప్పుడు ఆమె అడిగింది:

“సారూ, చెరువు నిండితె నాకేమొస్తది? నాకు గుంటెడు జాగ లేదు. పైసలున్నోళ్ళు ఉన్నకాడికి పైసలిస్తున్నరు. మాకు రెక్కలే ఉన్నయి. అవి ఊకెనె ఇయ్యమంటున్నరు. మా అత్త ఇదే కట్టమీద ఎట్టి చేసింది. అప్పుడు దొర పిలిచిండు, ఇప్పుడు మీరు పిలుస్తున్నరు.”

నేను ఊరి చెరువు గదా అన్నాను. బతుకమ్మ వేసేది అందులోనే గదా అన్నాను. ఆమె నవ్వి, “బతుకమ్మకు నడుం లోతు నీళ్ళు చాలు సారూ” అన్నది.

ఆ మాటతో నా వాక్యంలోని అన్యాయం నాకు కనబడింది. పది లక్షలు ఇచ్చేవాడు తనకు మిగిలినదానిలో నుంచి ఇస్తాడు. కూలి మనిషి ఒక రోజు శ్రమను ఇస్తే ఆ రోజు తిండిలో నుంచి ఇస్తుంది. ఈ రెంటికీ దానమని ఒకే పేరు పెట్టి, సమానంగా తూచినట్టు నటించాను. పైగా చెరువు నిండితే విలువ పెరిగేది ఆయకట్టు భూమికి. భూమి లేనివారి ఉచిత శ్రమతో భూమి ఉన్నవారి మడికి నీరు పారించే ఏర్పాటుకు శ్రమదానమని పేరు పెడితే వెట్టి తెల్లబట్ట కట్టుకుని వచ్చినట్టే. గుత్తేదారు కోరికలో లోపం పట్టుకున్న నేను నా కోరికలో లోపం పట్టుకోలేకపోయాను. అతడు చెరువులో ఎకరంన్నర అడిగితే, నేను మనుషుల రెక్కలు అడిగాను.

ఊరివాళ్ళను పిలిచి మళ్ళీ మాట్లాడుకున్నాం. పనికి వచ్చినవారికి కూలి ఇవ్వాలి. ఆయకట్టులో భూమి ఉన్నవారు ఎకరానికి వెయ్యి రూపాయల వంతున చెల్లించాలి, అది చందా కాదు. బయటివారు ఎవరిచ్చినా తీసుకోవాలి గాని షరతుతో ఇచ్చేది తీసుకోరాదు. కట్టమీద ఎవరి పేరూ ఉండదు. వచ్చిన డబ్బు, ఖర్చయిన డబ్బు, పని చేసినవారి పేర్లు, వారికి ముట్టిన కూలి అన్నీ పంచాయతీ గోడమీద రాయాలి. హద్దులు కొలవమని దరఖాస్తు పెట్టాలి. చేపలు పట్టుకునేవారు, బట్టలుతికేవారు, గొడ్లు తోలేవారు, భూమి లేని కూలీలు కూడా సంఘంలో ఉండాలి. పాఠకులకు ఇవి చిన్న తీర్మానాలుగా కనిపించవచ్చు. మా ఊళ్ళో వాటికి పదకొండు రాత్రులు పట్టాయి.

గుత్తేదారు డబ్బు రాలేదు. మాకు మొత్తం అయిదు లక్షలకు లోపే పోగయింది. కాలువ తవ్వించాం, ఒక తూము బాగుచేయించాం, శిఖంలో సగం కంప కొట్టించాం. పూడిక చాలావరకు అలాగే ఉంది. హద్దుల కొలత ఇంకా జరగలేదు. ఈ ఏడు చెరువులోకి నీరు బాగానే వచ్చింది గాని, చివరి మడుల దాకా పారలేదు. మొన్న ఆ చివరి మడుల రైతు ఒకడు దారిలో ఎదురై, కోపం లేకుండానే అన్నాడు: “సారూ, మీరు చేసింది న్యాయమే. నా మడి మాత్రం ఎండిపాయె.”

ఈ మాట రాయకుండా వ్యాసం ముగిస్తే నేను మోసం చేసినవాణ్ణి అవుతాను. సూత్రానికి ఖరీదు ఉంటుంది. దాన్ని చాలాసార్లు సూత్రం చెప్పినవాడు కాక మరొకడు చెల్లిస్తాడు. నాకు నెలనెలా జీతం వచ్చింది. ఆ రైతుకు పంట రాలేదు. అయినా పది లక్షలు తీసుకోవలసిందని నేను ఇప్పటికీ అనలేను. ఆ ఎకరంన్నర ఇస్తే వచ్చే ఏడు మరొక దాత మరొక మూల అడుగుతాడు. చివరకు బాగుచేసిన కట్టా, మంచి కమానూ మిగిలి చెరువు మిగలదు. కాని నా వాదన గెలిచినంత మాత్రాన ఆ రైతుకు నా బాకీ తీరదు. ఆ బాకీ తీర్చే దారి ఒక్కటే. హద్దులు కొలిపించాలి, ప్రభుత్వం చేయవలసిన పూడిక పని ప్రభుత్వం చేత చేయించాలి. అందుకు తిరగటం విరాళాలు అడగటమంత గౌరవంగా ఉండదు. విరాళం అడిగే పంతులుకు అందరూ కుర్చీ వేస్తారు. హక్కు అడిగే పంతులు వరండాలో నిలబడాలి.

చెరువుకు దాత ఎవరన్న ప్రశ్నకు ఇప్పుడు నాకు తోచిన జవాబు ఇది. మొదటి దాత గుట్టమీద పడే వాన. అది పేరడగదు. మిగిలిన మనమంతా బాకీదారులం. కొందరి బాకీ ఎక్కువ, కొందరిది తక్కువ. కొందరికి చెరువే బాకీ పడివుంది. ఎవరెంత అన్నది ఇచ్చేవారి మనసుకు వదిలిపెట్టకుండా ఊరంతా కూర్చుని తేల్చుకోవాలి. మైలమ పెట్టిన పేరులో ధర్మం ముందూ, కీర్తి తరువాతా ఉన్నాయి. ఆ వరుస తప్పకుండా ఉంటే దాతలు ఎందరు వచ్చినా చెరువుకు మేలే. వచ్చే ఆదివారం మా సంఘం కలుస్తున్నది. దరఖాస్తు మీద సంతకాల కోసం ఈసారి నేను మొదట వెళ్ళవలసింది ఆ చివరి మడుల రైతు ఇంటికి.